నవల్లో లేని పెళ్లిపందిరి

‘తాళి తూకం’ సీరియల్ మొదటి వారంలోనే కథానాయకుడు తప్పు పందిట్లోకి నడిచి, ముఖం కూడా చూడకుండా వేరే పిల్లకు తాళి కడతాడు. ఆ పందిరి మూలనవల్లో లేదు. దర్శకుడో ఛానెల్ వాళ్లో మా యజమానో వేయించారని మా రంగంలో వాళ్లు అనుకున్నారు. వేసింది నేను. ఒక మంగళవారం పొద్దున, ఎదురుగా కూర్చున్న మనిషికి విసుగొస్తోందన్న భయంతో, అప్పటికప్పుడు నోటితో వేసేశాను.

ఆ సంగతి ఆరేళ్లు ఎవరికీ చెప్పలేదు. నవల రాసిన రుక్మిణమ్మ నన్ను సూటిగా అడిగినప్పుడు కూడా చెప్పలేదు. ఆ పందిరికి తిట్లు ఆమె తిన్నది, కథ ఎంచినందుకు మెప్పు నేను పొందాను.

పోయిన ఏడాది నడుంనొప్పి సాకు చెప్పి ఉద్యోగం మానేశాను. వయసు యాభై ఆరు. కథా విభాగాల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, సీరియల్‌కి ప్రేమకథను ఎలా ఎంచుకోవాలని అడుగుతుంటారు. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాకు జీతం ఎప్పుడు పెరిగింది, ఆఫీసులో తిరిగే కుర్చీ ఎప్పుడిచ్చారు అనే వివరాలు వదిలేశాను. వాటివల్ల నేను నేర్చుకున్నది ఏమీ లేదు.

చదవని వాళ్ల కోసం చదవడం

బాగేపల్లి నుంచి బెంగళూరు వచ్చి, తెలుగు సీరియళ్లు తీసే ఒక కంపెనీలో ఇరవై మూడేళ్లు పనిచేశాను. తలుపు మీద ‘కథా విభాగం’ అని రాసి ఉండేది. విభాగమంటే నేనూ, ఒక బీరువా. నవలలు చదవాలి, సీరియల్‌కి పనికొచ్చేవి ఏరాలి, ఏరినదాన్ని యజమానికి నోటితో చెప్పాలి. చివరిదే అసలు పని. మొదటి రెండూ చేయకపోయినా ఎవరూ కనిపెట్టేవాళ్లు కాదు.

మా యజమాని శివరుద్రప్ప గారు టైల్స్ వ్యాపారం నుంచి ఈ రంగంలోకి వచ్చారు. తెలుగు, కన్నడం రెండూ గడగడా మాట్లాడతారు, రెండూ చదవరు. ‘చదివితే కండ్లు పోతాయప్పా, వింటే ఏం పోతాది?’ అనేవారు. కథ చెప్పడానికి ఆయన కాఫీ చల్లారేంత వ్యవధి ఇచ్చేవారు. కథ నచ్చితే కాఫీ సంగతే మరిచిపోయేవారు, నచ్చకపోతే చెయ్యి కప్పు మీదికి వెళ్లేది. ఇరవై మూడేళ్లూ నేను ఆ కప్పును చూస్తూ కథలు చెప్పాను. కప్పు కదిలిందంటే నా కథలో ఎవరినో ఒకరిని లారీ గుద్దేది.

దీనివల్ల నాకు మంచి కథకుడనే పేరొచ్చింది. ‘నారాయణప్ప చెప్తే సినిమా చూసినట్లే ఉంటాది’ అని యజమాని పదిమందిలో అనేవారు. పుస్తకంలో ఏముందో అది చెప్పడమే నా ఉద్యోగమన్న సంగతి ఆయన మరిచిపోయారు, నేనూ మరిచిపోయాను.

ఒకే ఇల్లు, రెండు రుచులు

నవలలు చదివే ఆడవాళ్లు వేరు, సీరియళ్లు చూసే ఆడవాళ్లు వేరు అని నేను మొదటి పదేళ్లు నమ్మాను. మా ఆవిడ జయ ఆ నమ్మకాన్ని ఒక్క సాయంత్రంలో తీసిపారేసింది.

ఆ రోజు పొద్దున ఆమె వంటింటి గట్టు మీద కూర్చుని ఒక ప్రేమనవల చదువుతోంది. పక్కన కుక్కర్ ఎనిమిదోసారి కూత వేసింది. పప్పు పాయసమైపోయినా తల ఎత్తలేదు. అదే జయ సాయంత్రం మా అమ్మ పక్కన కూర్చుని మా సీరియల్ చూస్తోంది. తెర మీద హీరో హీరోయిన్ మణికట్టు పట్టుకున్నాడు.

‘ఛీ! పెండ్లి కాకముందే ఏంది ఆ పట్టుకోవడం?’ అంది జయ.

‘పొద్దున నువ్వు చదివిన నవల్లో వాళ్లిద్దరూ ఊటీకే పోయిరి కదే?’ అన్నాను.

‘అది నేనొక్కదాన్నే చదివినా. ఇక్కడ అత్తమ్మ ఉండాది.’

మా అమ్మ తెర మీద నుంచి చూపు తిప్పకుండా, ‘నా మీద పెట్టొద్దమ్మా. ఊటీ నాకూ తెలుసు’ అంది.

నేను చదివిన ఏ పాఠమూ ఇంత సూటిగా లేదు. పుస్తకాన్ని ఒక్కరే చదువుతారు. టీవీని ఇంటిల్లిపాదీ చూస్తారు, ఒకరినొకరు చూసుకుంటూ చూస్తారు. అందుకే నవల్లో పెళ్లి చివర్లో వస్తుంది, సీరియల్లో మొదట్లోనే వచ్చిపడుతుంది. మెడలో తాళి పడ్డాక వాళ్లు చేతులు పట్టుకున్నా అత్తాకోడళ్లు కలిసి కూర్చుని చూడొచ్చు. మన సీరియళ్లలో అన్ని పెళ్లిళ్లు పొరపాటున జరిగిపోవడానికి కారణం ఇదే. పెళ్లి ముందే అయిపోవాలి, ప్రేమ మాత్రం మిగిలి ఉండాలి.

ఇంకొక తేడా కోపం. నవల్లో హీరో విసుక్కుంటే, వాడి మనసులో ఏముందో పక్క వాక్యంలోనే ఉంటుంది. చదివేవాళ్లు ‘పాపం’ అనుకుంటారు. తెర మీద ఆ పక్క వాక్యం ఉండదు. విసుగొక్కటే మిగులుతుంది. దాన్ని కప్పిపెట్టడానికి ఆరడుగుల ఎత్తున్న కుర్రాణ్ణి, వెనకాల నాలుగు కార్లను తెస్తాం. ముఖం సంగతీ అంతే. నవల్లో హీరో ముఖం చదివేవాళ్లే పెట్టుకుంటారు. ‘నీ హీరోకి ఎవరి ముఖం పెట్టుకుంటావు?’ అని జయను అడిగాను. చాలాసేపు ఆలోచించి, ‘నీది మాత్రం కాదులే, భయపడొద్దు’ అంది. ఎందుకు భయపడాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈ తేడాలన్నీ నిజమైనవే. వాటిని అడ్డం పెట్టుకుని నేను చేసిన పని గురించి ఇక చెబుతాను.

తక్కెడ బాగుచేసే మనిషి

బెంగళూరు శివారు కాడుగోడిలో, రైల్వేస్టేషన్ దగ్గర ఒకే షట్టరున్న గదిలో రుక్మిణమ్మ అద్దె పుస్తకాల లైబ్రరీ నడుపుతుంది. నేను ఆమెను అక్కా అని పిలుస్తాను. గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కుట్టేవాళ్లు, అపార్ట్‌మెంట్లలో వంట చేసేవాళ్లు, రిటైరైన టీచర్లు అక్కడికి వస్తారు. పాత నవలల కోసం నేనూ వెళ్లేవాణ్ణి. ముప్పై ఏళ్లు ఇతరుల పుస్తకాలకు అట్టలు వేసి వేసి, యాభై ఎనిమిదో ఏట అక్క తనే ఒక నవల రాసింది. పేరు ‘ముల్లు నడిమికొచ్చేదాకా’.

బెంగళూరు నగర్తపేటలో పూసల అంగడి నడిపే పార్వతికి ముప్పై ఎనిమిదేళ్లు, పెళ్లి కాలేదు. పూసలు గ్రాముల లెక్కన అమ్ముతారు కాబట్టి తక్కెడ సరిగా ఉండాలి. దాన్ని బాగుచేయడానికి చేతిసంచితో రంగయ్య వస్తాడు. మితభాషి, బట్టతల. తక్కెడ ముల్లు నడిమికి వచ్చి నిలిచేదాకా ఊపిరి బిగబట్టుకుంటాడు, గాలి తగిలితే ముల్లు ఊగుతుందని. ఒకరోజు పార్వతి తానూ ఊపిరి బిగబట్టుకుని ఉన్నానని గమనిస్తుంది. ఆ ఒక్క నిమిషానికి నవల్లో పదకొండు పేజీలు. వాటిని సిటీబస్సులో చదువుతూ నేను దిగాల్సిన స్టాపు దాటిపోయాను.

అద్దె లైబ్రరీల్లో ఒక అలవాటు ఉంటుంది. చదివిన పుస్తకాన్నే మళ్లీ తీసుకుపోకుండా చివరి పేజీలో ఎవరి గుర్తు వాళ్లు పెన్సిల్‌తో పెట్టుకుంటారు. చుక్క, గీత, పువ్వు. అక్క నవల చివరి పేజీలో ఒకే చేపబొమ్మ ఐదుసార్లు ఉంది.

‘ఎవరిదక్కా ఈ చేప?’ అన్నాను.

‘పేరు చెప్పను. ఐదుసార్లు తీసుకపోయింది. ఏమ్మా, చదివింది మరిచిపోతివా అంటే, మరిచిపోతే బాగుండు అక్కా, మళ్లీ మొదటిసారి చదవచ్చు అనింది.’

ప్రతి ఆదివారం ఆ ఆడవాళ్లు అక్క చుట్టూ కూర్చునేవారు. ఆమె తన రెండో నవలను రాసినంతవరకు చదివి వినిపించేది. వాళ్లు పాత్రలను తిట్టేవారు, సంబంధాలు చూసేవారు, ‘వాణ్ణి చంపితివంటే ఈ పక్కకు రాను’ అని బెదిరించేవారు. ఆమె అంతా రాసుకునేది. ఆమెకున్న పేరూ ప్రతిష్ఠా ఆ పది పన్నెండు మందే.

మొదటి నవలను సీరియల్‌కి అడిగినప్పుడు అక్క వెంటనే ఒప్పుకోలేదు. ‘ఒక్క మాట నారాయణప్పా. రంగయ్యను గొప్పోణ్ణి చేయొద్దు. ఆడదాని మీద చేయెత్తించొద్దు. ఈ రెండూ చూసుకుంటావా?’

‘నేనుండా కదక్కా’ అన్నాను.

మంగళవారం

శివరుద్రప్ప గారి కాఫీ వచ్చింది. నేను మొదలుపెట్టాను.

‘నగర్తపేటలో పూసల అంగడి సర్. పార్వతి, ముప్పై ఎనిమిదేళ్లు.’

‘హీరోయిన్ తల్లి కథ తర్వాత చెప్పు. హీరోయిన్ ఎవరు?’

‘పార్వతే సర్.’

ఆయన కాసేపు నా వంక చూశారు. ‘సరే, హీరో?’

‘తక్కెడలు రిపేరు చేస్తాడు సర్.’

‘ఎన్ని ఫ్యాక్టరీలుండాయి?’

‘చేతిసంచి ఉండాది సర్.’

చెయ్యి కప్పు మీదికి వెళ్లింది. నేను తొందరగా ఊపిరి బిగబట్టే సన్నివేశానికి వచ్చేశాను. గొంతు తగ్గించి, చేత్తో ముల్లు ఊగడం చూపించి, నేనే ఊపిరి బిగబట్టాను.

‘సుమ్నే, ఊరికే ఇద్దరూ తక్కెడ చూస్తా కూర్చుంటారా?’ అన్నారాయన. ‘అంతకంటే అడ్వర్‌టైజ్‌మెంట్లే నయం కదప్పా!’ కప్పు పెదవుల దాకా వెళ్లింది.

‘అప్పుడే సర్, పెండ్లి పందిరి!’ అన్నాను.

ఏ పందిరో నాకే తెలియదు. కప్పు మాత్రం ఆగింది. ఆ తర్వాత నేను మాట్లాడలేదు, నా భయం మాట్లాడింది. ఒకే మండపంలో రెండు పెళ్లిళ్లు. కరెంటు పోయింది. చీకట్లో తాళి కట్టేశాడు. దీపాలు వచ్చాయి, పిల్ల మారిపోయింది. పార్వతికి ఇరవై రెండేళ్లు అయ్యాయి. రంగయ్య జుట్టు మొలిపించుకుని రంగనాథ్ అయ్యాడు. దక్షిణాది మొత్తానికి తక్కెడలు సరఫరా చేసే సామ్రాజ్యానికి వారసుడయ్యాడు. అలాంటి సామ్రాజ్యం ఎక్కడైనా ఉంటుందా అని ఆయన అడగలేదు.

కాఫీ మీద మీగడ కట్టింది.

‘రాసింది ఎవరప్పా?’ అన్నారు శివరుద్రప్ప గారు. ‘ఏం బుర్ర!’

అప్పుడు నిజం చెప్పే అవకాశం వచ్చింది. ‘రుక్మిణమ్మ అని, కాడుగోడి’ అన్నాను. ఘనత ఆమెకే ఇచ్చానని లోపల నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

పైవాళ్లు

సీరియల్ బాగా ఆడింది. రోజూ టైటిల్స్‌లో ‘మూలకథ: రుక్మిణమ్మ’ అని బంగారు అక్షరాలు తిరుగుతూ వచ్చేవి. రెండో వారంలో రంగనాథ్ పార్వతిని చెంపదెబ్బ కొట్టాడు. ఆ దెబ్బ నేను రాయలేదు, దర్శకుడు పెట్టాడు. కాగితం ముందు నా బల్ల మీదికే వచ్చింది. చదివాను, సంతకం పెట్టి పంపించాను.

మరుసటి పొద్దున గార్మెంట్స్‌లో కుట్టే గంగరత్న లైబ్రరీకి వచ్చి, నవలను అక్క బల్ల మీద పెట్టిందట. ‘టీవీలో పేరు చూసుకునేదానికి మనోణ్ణి ఇట్లా చేస్తివా అక్కా? మా ఇంట్లో ఉండేవాడు చాలడని చదువుకునేదాంట్లోకూ అటువంటోణ్ణే తెస్తివా?’ అందట.

ఆ సాయంత్రమే అక్క ఫోన్ చేసింది.

‘ఎవరు మార్చిరి నారాయణప్పా?’

‘పైవాళ్లు అక్కా.’

మా కంపెనీ ఉన్నది పై అంతస్తులోనే. దాని పైన నీళ్ల ట్యాంకు తప్ప ఎవరూ లేరు.

‘చేయెత్తించొద్దని నీవు చెప్పినావా వాళ్లకు?’

‘చెప్పినా అక్కా, వినలేదు.’

‘అట్లయితే నీవేం చేస్తావులే’ అని ఆమె నన్నే ఓదార్చి ఫోన్ పెట్టేసింది.

ఆ పైన ఆదివారాలు పలచబడ్డాయి. ఆడవాళ్లు పుస్తకాలు తీసుకుపోయేవారు, కానీ కూర్చునేవారు కాదు. రెండో నవల నూట ఇరవయ్యో పేజీ దగ్గర ఆగిపోయింది. ఎందుకు ఆపావని అడిగితే, ‘ఎవురికి చదివి చెప్పాల? నా మనుషుల్ని నేను ఎప్పుడు అమ్ముకుంటానో అని చూస్తాండారు’ అంది. అది విని కూడా, టీ తాగి, రెండు పాత నవలలు తీసుకుని వచ్చేశాను.

ఏమీ జరగని రోజు

ఇక్కడ నా వృత్తికి సంబంధించిన పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. సీరియల్ రెండో ఏడాదిలో హీరోయిన్‌కి విషజ్వరం వచ్చింది. చేతిలో నిల్వ ఎపిసోడ్లు లేవు. దర్శకుడు నా గదికి వచ్చి, హీరో ఒక్కడితో ఇరవై నిమిషాలు నింపడానికి ఏదైనా ఉందా అన్నాడు. బీరువాలోంచి అక్క నవల తీసి ఆ పదకొండు పేజీలు జిరాక్స్ చేసి ఇచ్చాను. రంగనాథ్ చిన్నప్పటి తక్కెడను ఒంటరిగా బాగుచేసుకుంటుంటాడు. వెనకాల పార్వతికి డబ్బింగ్ చెప్పే అమ్మాయి గొంతు ఆ పేజీల్లోని మాటలు చెబుతుంది. అంతే.

ఆ సాయంత్రం మా ఇంట్లో టీవీ ముందు ఎవరూ మాట్లాడలేదు. ప్రకటనలు వచ్చినా జయ లేవలేదు. అయిపోయాక మా అమ్మ, ‘ఈ పొద్దు ఆ పిల్లోడు ఏమీ చేయలేదు కదా, ఎంత బాగుండాడో’ అంది. అత్తాకోడళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా లేచి వెళ్లారు. ఊటీ కథ పక్కపక్కన కూర్చుని చదివితే ఎలా ఉంటుందో అలా ఉంది ఇల్లు.

మర్నాడు శివరుద్రప్ప గారు పిలిచి, ‘ఆ తక్కెడ ఎపిసోడ్ ఎవరు రాసిరప్పా? మా ఇంటామె ఏడ్చింది’ అన్నారు.

‘రుక్మిణమ్మ’ అన్నాను. ఆ సీరియల్ గురించి నేను ఆయనకు చెప్పిన మొదటి నిజం అది.

పిల్లలూ, పుస్తకానికీ తెరకూ రుచి వేరన్నది నిజం. కానీ ఆ తేడా ఎంతో నాకు తెలుసని అనుకున్నాను చూడండి, అది అబద్ధం. చూసేవాళ్లను నేను ఎప్పుడూ అడగలేదు. నాకు తెలిసింది ఒక మనిషి కాఫీ తాగే పద్ధతి మాత్రమే. ఒక నవల తెరకు పనికిరాదనిపిస్తే పనికిరాదని చెప్పి పుస్తకం తిరిగి ఇచ్చేయండి. రాసినవాళ్లు ఒకపూట బాధపడతారు, అంతే. నోటితో బాగుచేసి మాత్రం అమ్మకండి.

అంత తెలిసొచ్చాక కూడా నేను కాడుగోడి వెళ్లలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఉద్యోగం అడ్డమన్నాను. మానేశాక నడుము అడ్డమన్నాను. చివరికి జయే, ‘నడుము బాగయ్యేదాకా ఆయమ్మ ఉండాల కదా’ అంది.

కాడుగోడిలో ఆదివారం

పోయిన నెల ఒక ఆదివారం వెళ్లాను. అక్క పుస్తకాలకు అట్టలు వేస్తోంది. గంగరత్న, ఇంకో ఐదారుగురు ఆడవాళ్లు బీరువాల దగ్గర పుస్తకాలు వెతుక్కుంటున్నారు. నేను బల్ల మీదికి వంగి మెల్లగా, ‘అక్కా, ఆ పైవాళ్లు ఎవరూ లేరు’ అన్నాను.

ఆమె కత్తెర ఆపలేదు. ‘అనుమానముండె. చెప్పినా అక్కా అని ఆ పొద్దు ఎంత తొందరగా అంటివి! నిజంగా చెప్పినోడు అంత తొందరగా అనడు.’

‘మరి ఎందుకు అడగలేదు?’

‘నీవే వచ్చి చెప్తావని చూస్తి. ఇంత ఆలస్యమనుకోలేదు.’ అప్పుడు కత్తెర పక్కన పెట్టింది. ‘నా చెవిలో చెప్తే ఏం లాభమప్పా? నన్ను వదిలిపోయింది వాళ్లు. వాళ్లకు చెప్పు.’

ఆడవాళ్లను పిలిచింది. వాళ్లు వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఇరవై మూడేళ్ల అలవాటు, గొంతు సవరించుకున్నాను.

‘అదొక మంగళవారం. బయట సన్నగా వాన పడతాండాది...’

‘ఆ పొద్దు వాన పడెనా?’ అంది అక్క.

‘లేదక్కా.’

‘మరి తీసేయ్.’

గంగరత్న నవ్వింది. మిగతావాళ్లూ నవ్వారు. వాన తీసేశాక నా దగ్గర పెద్దగా ఏమీ మిగల్లేదు. పందిరి నాదని చెప్పాను. రంగయ్యకు జుట్టు మొలిపించింది, ఫ్యాక్టరీలు కట్టించింది నేనేనని చెప్పాను.

‘చెంపదెబ్బ కూడా నీదేనా?’ అంది గంగరత్న. ఇప్పుడు నవ్వడం లేదు.

దర్శకుడి పేరు నోటి దాకా వచ్చింది. మింగేశాను. ‘కాగితం నా దగ్గరికే వచ్చిందమ్మా. ఆపుతానని అక్కకు మాట ఇచ్చి ఆపలేదు. సంతకం పెట్టి పంపిస్తి.’

నేను అక్క వైపు తిరిగాను.

‘అక్కా, నీ పుస్తకం నేను మొదటి నుంచి చివరి దాకా చదివినా. బాగుండాదని తెలుసు. తెలిసే మార్చినా. నీవు అడిగితే అబద్ధం చెప్పినా. ఆ అబద్ధం వల్ల వీళ్లు నీ దగ్గర కూర్చునేది మానేసినారు, నీవు రాసేది మానేస్తివి. అదంతా చూస్తా ఊరుకున్నా. తప్పు నాదక్కా. నన్ను క్షమించు.’